లింగవ్వ బొటనవేలు

సూరత్, లింబాయత్
ఫిబ్రవరి నెలాఖరు, 2021

ప్రియమైన స్వరాజ్యం వదినకు,

మన డ్రైవరు రాజమౌళి బస్సులో చీరల మూట పంపిస్తున్నాను. దిగగానే మూట విప్పి సరిచూసుకో. పోయినసారి లాగా "చీరలు తక్కువొచ్చినయ్" అని ఫోన్‌లో గోల పెట్టి, తర్వాత బిక్షపతి అన్నయ్య మంచం కింద దొరికాయని నాలుక కరుచుకోవద్దు. ఈ ఉత్తరం పచ్చ చీర మడతలో పెట్టాను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను పొద్దంతా నేను పాఠాలు చెప్పే తెలుగు బడి పిల్లలది, ఆన్‌లైన్ క్లాసులు. సాయంత్రం మీ తమ్ముడిది. మిగిలిన కాసేపు మీ అమ్మగారు స్పీకరు పెట్టి మాట్లాడితే గల్లీ అంతా వింటుంది. ఒక్క గది ఖోలీలో నలుగురం. గుట్టుగా ఒక మాట అనుకోవాలంటే కాగితమే గతి.

నీ మేనకోడలు గురించి రాస్తాను, కాస్త నవ్వుకో. పోయిన ఆదివారం మీ తమ్ముడు మహేశ్ మమ్మల్ని డుమస్ తీరానికి తీసుకుపోయాడు. ఏడాది తర్వాత సముద్రం చూసింది రుచిత. మాస్కు జేబులో కుక్కి, అలల మీదికి అరుస్తూనే ఉంది. టమాటా భజియాలు నా పళ్ళెంలోవి కూడా లాగి తినేసింది. ఇంకేం, రెండు రోజులకే పొద్దున లేచి ఉమ్మి మింగలేనని ఏడుపు. ఒళ్ళు కాలిపోతోంది.

అత్తమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది: "గాలి కొట్టింది. ఆ నూనె భజియలు తినవెడితే గొంతు పట్టదా మరి? కొండనాలుక దిగింది, లింగవ్వ దగ్గరికి తీస్కపోత."

లింగవ్వ నీకు తెలుసు కదా, మన గల్లీ చివరింట్లో ఉండే ముసలమ్మ. ఇప్పటికీ అదే వైద్యం. బొటనవేలు ఉప్పు పసుపులో ముంచి, పిల్ల నోట్లో పెట్టి కొండనాలుకను పైకి నొక్కుతుంది. తర్వాత నడినెత్తి మీద నాలుగు వెంట్రుకలు పట్టుకుని గట్టిగా గుంజుతుంది. అది కూడా రెండు పూటలు. మొదటి పూట రుచిత ఊరుకుంది. రెండో పూట ఆ వేలు పట్టి కొరికింది! "గీ పోరికి పండ్లున్నయా, కత్తులున్నయా!" అని లింగవ్వ గల్లీ దద్దరిల్లేలా తిట్టింది. నవ్వలేక చచ్చాను.

జ్వరం సంగతి మాత్రం ఎక్కడా అనకు. మహేశ్ ఇప్పుడు మగ్గాల కార్ఖానాలో ముకద్దం, షిఫ్టులో ముప్ఫై మంది మీద పెద్ద. ఎవరింట్లో జ్వరం ఉన్నా ఆ షిఫ్టు మొత్తం రెండు వారాలు బంద్ అని కార్ఖానా సేఠ్ చెప్పేశాడు. పోయినేడు కరోనా అని గల్లీకి రేకులు కొట్టినప్పుడు ఎన్ని పొయ్యిలు వెలగలేదో చూశాం కదా. అందుకే ఎవరికి జ్వరం వచ్చినా "ఐస్ గోలా తిన్నరు" అనుకోవాలని ఈ గల్లీలో ఒప్పందం. మేమూ అదే అన్నాం.

నీ ఆరోగ్యం జాగ్రత్త. రక్తం పలచబడే గోలీలు మానకుండా వేసుకుంటున్నావు కదూ?

నీ
హారతి


సిరిసిల్ల
మార్చి మొదటి వారం

చిరంజీవి హారతికి,

మూట అందింది. చీరలు సరిగ్గా ఉన్నాయి. నవ్వుకోమని రాశావు, నాకు నవ్వు రాలేదు.

నేను అడిగేదానికి జవాబు రాయి. పిల్లకు దగ్గు ఉందా? ముక్కు కారిందా? జలుబు చేసి వచ్చే గొంతునొప్పి దానంతటదే పోతుంది, దానికి మందు కూడా అక్కర్లేదు. జలుబూ దగ్గూ లేకుండా, ఒక్కసారిగా జ్వరం ఎగదన్నుకుని వచ్చి, గుటక పడకుండా చేసేది వేరే రకం. పిల్లను వెలుగులో కూర్చోబెట్టి నోరు తెరిపించు. గొంతుకు రెండు పక్కలా ఎర్రగా వాచి, తెల్లటి చీము చుక్కలు కనబడుతున్నాయేమో చూడు. దవడ కింద తడిమి చూడు, గడ్డలు తగులుతాయి.

అవి ఉంటే అది భజియాల పని కాదు, డుమస్ గాలి పని కాదు, కంటికి కనబడని పురుగు పని. డాక్టరు చూడాలి. చూసి మందు రాస్తే అది పూర్తిగా పది రోజులూ వాడాలి. జ్వరం దిగింది కదా అని మధ్యలో ఆపితే పురుగు చావదు, పండుకుంటుంది. మెడికల్ షాపు వాడిచ్చిన రెండు గోలీలు మింగించి ఊరుకునేవు సుమా!

లింగవ్వ దగ్గరికి మళ్ళీ తీసుకుపోవద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు. మా అవ్వ అత్తగా గద్దించి పోదామంటే నా పేరు చెప్పు. నా పేరు చెప్పినా వినకపోతే పిల్లను పట్టుకుని బడికి పోయి కూర్చో.

షిఫ్టు బందయితే కానీ. రెండు వారాలు గంజి తాగి బతకొచ్చు. నీకు నా మాటలు అతిగా అనిపిస్తాయని తెలుసు. ఎందుకిలా రాస్తున్నానని అడగకు. చెప్పినట్టు చెయ్యి.

స్వరాజ్యం


సూరత్
మార్చి

గౌరవనీయులైన వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. రుచితకు పూర్తిగా నయమైంది. డాక్టరుకు చూపించాం, మందులు వాడాం. జ్వరం లేదు, నొప్పి లేదు, నిన్న తాడాట కూడా ఆడింది.

నేను కూడా చదువుకున్నదాన్నే. పిల్లకు ఏం కావాలో నాకు తెలియదన్నట్టు రాశారు మీరు. గంజి తాగి బతకొచ్చని రాయడం తేలికే. ముప్ఫై ఇళ్ళ వాళ్ళు మా గుమ్మం ముందుకు వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది మీ తమ్ముడు.

పిల్లలున్న ఇంట్లో ఇలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి. ప్రతిదానికీ గుండెలు బాదుకుంటే సంసారం చెయ్యలేం.

చీరల మూట వచ్చే వారం పంపుతాను.

హారతి


సిరిసిల్ల
మార్చి

హారతికి,

"వదినా, నువ్వు" అని రాసే పిల్ల "మీరు" అని మొదలుపెట్టిందంటే కోపమైనా ఉండాలి, అబద్ధమైనా ఉండాలి. నీకు రెండూ ఒకేసారి రావు.

పిల్లలున్న ఇల్లు కాదు నాది, నిజమే. ఆ మాట నాకు తగిలింది. తగలాలనే రాశావు కాబట్టి దాచుకోవడం దేనికి.

డాక్టరు ఏ మందు రాశాడు? ఎన్ని రోజులకు రాశాడు? ఈ రెండే రాసి పంపు. వేరే ఏమీ అక్కర్లేదు.

స్వరాజ్యం


సూరత్
మార్చి నెలాఖరు

వదినా,

క్షమించు. నేను డాక్టరుకు చూపించలేదు.

డాబా మీద నీళ్ళ ట్యాంకుల నీడలో కూర్చుని రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే పిల్ల నోరు తెరిపించి చూశాను. నువ్వు రాసినట్టే ఉంది. ఎర్రగా వాచి, తెల్లటి చుక్కలు, దవడ కింద చింతగింజంత గడ్డలు. దగ్గు లేదు, జలుబు లేదు. చూసి కూడా నోరు మూసుకున్నాను. జ్వరమని దవాఖానకు పోతే ముందు కరోనా పరీక్ష అంటారు, పరీక్ష అంటే గల్లీకి రేకులు పడతాయని మహేశ్ భయం. మెడికల్ షాపులో ఐదు గోలీలు తెచ్చాడు. రెండు వేయగానే జ్వరం దిగింది. "ఉడుకు చేస్తయి, చాలు" అని అత్తమ్మ మిగిలినవి డబ్బాలో దాచింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపులోనే నీకు ఆ పాడు ఉత్తరం రాశాను. పిల్లలున్న ఇల్లు అన్న మాట రాసిన చెయ్యి విరిగిపోను!

కొన్నాళ్ళు బాగానే దుంకులాడింది. పోయిన వారం కుడి మోకాలు ఉబ్బింది. ముట్టుకుంటే కాలుతోంది, దుప్పటి తగిలినా కేక వేస్తోంది. ఆడుతూ పడిందేమో అనుకున్నాం. రెండు రోజులకు మోకాలు తగ్గిపోయి చీలమండ పట్టింది. అది తగ్గి మణికట్టు. నొప్పి అద్దె ఇల్లు మారినట్టు మారుతోంది వదినా. మళ్ళీ జ్వరం. నిన్న కింది నుంచి మా మొదటి అంతస్తుకు మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. గౌను మీద నుంచే గుండె ఎగిరెగిరి పడటం కనిపిస్తోంది.

దవాఖానకు పోదామని నేను కాళ్ళు పట్టుకున్నాను. మహేశ్ ఏమంటాడో తెలుసా? "పొద్దున లేస్తె అంబులెన్సుల సప్పుడే. పోరిని లోపలేస్కుంటరు, మనల్ని రానియ్యరు. అటే ఏమన్నయితే మొఖం గూడ చూడనియ్యరు. ఇంట్లనే ఉండనియ్యి." తనూ ఏడుస్తున్నాడు. పక్క గల్లీలో ఒకాయన అలాగే పోయి తిరిగి రాలేదు.

అత్తమ్మ ఉడుకు నూనె రాస్తూ కూర్చుంది. "ఎదిగే పోరి, బొక్కలు సాగుతున్నయ్" అంటుంది. నేను గట్టిగా మాట్లాడితే ఒక్కటే మాట: "మా స్వరాజ్యానికి చిన్నప్పుడు గిట్లనే గొంతు పట్టింది, గిట్లనే మోకాళ్ళు ఉబ్బినయి. లింగవ్వ గొంతు లేపింది, నేను నూనె రాసిన. ఏమయింది? పోలేదా?"

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిలకడ లేదు. ఎందుకని అడగకు అన్నావు. ఇప్పుడు అడుగుతున్నాను. నీ గుండె జబ్బు గ్రహణం వల్ల వచ్చిందని కదా ఈ ఇంట్లో చెప్పుకుంటారు?

రాజమౌళి కాసేపట్లో బయలుదేరుతున్నాడు. చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నీ హారతి


సిరిసిల్ల
ఏప్రిల్

హారతీ,

రాజమౌళి బస్సు దిగకముందే నీ ఉత్తరం చేతిలో పెట్టాడు, బస్‌స్టాండులోనే చదివాను. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. "చూద్దాం తియ్యక్కా" అన్నాడు. అవ్వ ఫోను గుంజుకుని "నీకు అక్కడ కూసుండి ఏం ఎరుక?" అని మొదలుపెట్టింది. వెనక నుంచి లింగవ్వ గొంతు, ఇంకా నలుగురు ఆడవాళ్ళ గొంతులు. నేను చెప్పాల్సిన మాట అలా అందరిలో చెప్పేది కాదు. ఫోను పెట్టేశాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. గ్రహణం కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు రుచితకు వచ్చిందే వచ్చింది. పెళ్ళయి కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం వచ్చి హైదరాబాద్ తీసుకుపోతే, అక్కడి పెద్ద డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చి, తర్వాత కీళ్ళు వాచాయా?" గొంతులో పురుగు మీదికి ఒంట్లో నుంచి లేచిన సైన్యం, దొంగను కొట్టబోయి ఇంటివాణ్ణి కొట్టినట్టు, కీళ్ళనూ గుండెలోని కవాటాన్నీ కొట్టిందట. కీళ్ళు బాగుపడతాయి, కవాటం బాగుపడదు. నా కవాటం బెరడు కట్టినట్టు గట్టిపడిపోయింది. బెలూను పెట్టి తెరిచారు. కడుపులో బిడ్డ దక్కలేదు.

అప్పుడు అవ్వ బయట దవాఖాన వరండాలో కూర్చుని ఉంది. ఆమెకు చెప్పొద్దని డాక్టరు చేతులు పట్టుకున్నాను. ఏదో గ్రహణం మీద పెట్టుకుని సోమవారాలు ఉపవాసముంటోంది, ఉండనీ అనుకున్నాను. తన చేతుల మీదుగానే జరిగిందని తెలిస్తే బతకదని నా భయం.

ఇప్పుడు చెప్పక తప్పదు. ఈ కవరులో అవ్వకు వేరే ఉత్తరం పెట్టాను. గల్లీ ఆడవాళ్ళు లేనప్పుడు, ఆమెను ఒక్కదాన్నీ కూర్చోబెట్టి చదువు. మధ్యలో ఆపకు. నువ్వు ఏడిస్తే నీళ్ళు తాగి చదువు.

ఇంకోమాట, ఇది నీకు మాత్రమే. నేను ఏడాదిగా హైదరాబాద్ పోలేదు. రక్తం పలచబడే ఆ గోలీకి నెల నెలా రక్తపరీక్ష ఉండాలి, కరోనా దవాఖానకు పోవాలంటే భయమై మానేశాను. ఈమధ్య నాకూ మెట్లెక్కుతుంటే ఆయాసం. అవ్వకు చెప్పొద్దు. ముందు పిల్ల సంగతి తేలనీ.

వదిన


సిరిసిల్ల
అదే రోజు

అవ్వా,

నీకు దండం. హారతి సదువుతది, నువ్వు ఇను. మధ్యల లేచిపోవద్దు.

నీకు యాదికున్నదా, నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు వానకాలం గొంతు పట్టి పడుకున్న. నువ్వు కార్ఖానల కండెలు చుట్టే పని ఇడిసిపెట్టి నన్ను సంకనేస్కొని లింగవ్వ దగ్గరికి పోయినవు. ఆమె నా నోట్ల బొటనేలు పెట్టింది. జరమొస్తె అంబలి తాపుకుంట కూసున్నవు. ఆ ఎనుక మోకాళ్ళు ఉబ్బితె రెండు చేతులతోని నూనె రాసినవు. నీ చేతులు ఎంత మెత్తగుండెనో నాకు ఇంకా యాదున్నది. నొప్పి పోయింది. అందరం మరిచిపోయినం.

అవ్వా, నొప్పి పోలేదు. గుండెల కూసున్నది. నా గుండె గ్రహణంతోని కరాబు కాలే. ఆ గొంతు నొప్పితోని అయింది. హైదరాబాద్ డాక్టరు చెప్పిండు. నీకు చెప్పొద్దని నేనే అన్న. నువ్వు తప్పు చెయ్యలే. నీకు ఎరుక లేదు, లింగవ్వకు ఎరుక లేదు, అప్పుడు మన గల్లీల ఎవరికీ ఎరుక లేదు. నా బిడ్డ నా కడుపుల పోయినప్పుడు నువ్వు నాకంటె ఎక్కువ ఏడ్చినవు. అందుకే చెప్పలే.

ఇప్పుడు రుచితకు అదే అయితున్నది. అదే మోకాళ్ళు, అదే ఆయాసం. నాకు ఎవ్వలూ చెప్పెటోళ్ళు లేకుండె. దానికి నేనున్న. ఇయ్యాలనే తీస్కపో. కరోనా అంటరు, రేకులు కొడతరు, సేఠ్ పనిల కెల్లి తీసేస్తడు, ఏమన్న కానియ్యి. ఆ నూనె గిన్నె పక్కన పెట్టి పోరిని ఎత్తుకో అవ్వా. జర నా మాట ఇను.

నీ బిడ్డ
స్వరాజ్యం


సూరత్
ఏప్రిల్ చివర

వదినా,

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇప్పుడు మొత్తం రాస్తాను.

డాబా మీద ఆరేసిన బట్టల మధ్య అత్తమ్మను కూర్చోబెట్టి చదివాను. అయిపోయాక "బొటనేలు అన్న కాడికెల్లి మళ్ళ సదువు" అంది. మళ్ళీ చదివాను. లేచి కొంగు బిగించి కిందికి దిగింది. పిల్ల దగ్గరికి పోతుందనుకున్నాను. గల్లీ దాటి కార్ఖానాకు పోయింది! వెనకే నేను. తిన్నగా లోపలికి పోయి మెయిన్ స్విచ్ దించేసింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోతే ఆ నిశ్శబ్దానికి నాకే భయమేసింది.

"మా పోరికి జరమొచ్చింది. నెల కింద. దాచినం," అంది. "ఇప్పుడు దవాఖానకు తీస్కపోతున్న. రేకులు కొట్టేది ఉంటే కొట్టిచ్చుకోండ్రి."

వెంకటయ్య అనే ఆయన మీదికి వచ్చాడు. "ముకద్దం ఇంట్ల జరం దాచుకొని మా పొయిల నీళ్ళు పోస్తరా?" అని. మహేశ్ తల దించుకుని నిలబడ్డాడు. సేఠ్ వచ్చి, రిపోర్టు వచ్చేదాకా షిఫ్టు బంద్, ముకద్దం పనికి రావద్దు అన్నాడు. అత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

మొదటి దవాఖానలో గేటు కూడా తెరవలేదు. రెండో చోట స్ట్రెచర్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఎండలో రిక్షాలో రుచిత నా ఒళ్ళో రొప్పుతోంది, పెదవులు తెల్లబడుతున్నాయి. ఇక చేతులారా చంపుకున్నాం అనుకున్నాను వదినా. చివరికి ఒక పిల్లల డాక్టరమ్మ, క్లినిక్ బయట ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుకుని చూస్తోంది. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. "గళు దుఖ్‌తా థా క్యా పహలే?" అని గుజరాతీ, హిందీ కలిపి అడిగింది. ఇంతకుముందు గొంతు నొప్పి వచ్చిందా అని, అచ్చం మీ హైదరాబాద్ డాక్టరు అడిగిన ప్రశ్నే. నేను అవునన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. తనే ఫోన్ చేసి ఒక ట్రస్టు దవాఖానలో మంచం ఇప్పించింది.

కరోనా లేదు. షిఫ్టు మళ్ళీ నడుస్తోంది. మహేశ్‌ను ముకద్దం పనికి మాత్రం తీసుకోలేదు, మళ్ళీ మగ్గం మీదికి పోతున్నాడు. "పోతె పోయింది" అంటున్నాడు. దవాఖానలో ఉన్నన్నాళ్ళూ పిల్ల మంచం పక్క నుంచి కదల్లేదు.

గుండె ఫోటో తీశారు. కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు, రక్తం కొంచెం వెనక్కి కారుతోంది. ఇప్పటికైనా తెచ్చారు కాబట్టి ఇంతటితో ఆగవచ్చు, కొందరిలో బాగుపడుతుంది కూడా అన్నారు. కానీ ఇంకోసారి అలాంటి గొంతునొప్పి వస్తే మళ్ళీ దెబ్బ పడుతుంది. అది రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది. పెళ్ళీడు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా ఉండొచ్చు. ప్రతి గొంతునొప్పికీ భయపడొద్దని, చాలావరకు జలుబుతో వచ్చి పోయేవేనని కూడా డాక్టరమ్మ చెప్పింది. గొంతును దూదితో తుడిచి పరీక్ష చేస్తే ఏది ఏదో తెలుస్తుందట. ఆ చిన్న పరీక్ష చేయించడానికి భయపడి ఇంత తెచ్చుకున్నాం.

లింగవ్వ సంగతి చెప్పాక డాక్టరమ్మ అడిగింది: "ఆ వేలు ఎంతమంది పిల్లల నోట్లో పెట్టింది?" ఒకరి గొంతులో పురుగును ఇంకొకరి గొంతుకు మోసినట్టే కదా అది. అత్తమ్మ ఇంటికి వచ్చి లింగవ్వకు చెప్పింది. ఆమెను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. లింగవ్వ తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "మా అవ్వ నేర్పింది, నేను చేసిన. నాకేమెరుకనే నర్సూ?" అని అత్తమ్మను పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఇద్దరూ గడపలో కూర్చుని ఏడ్చారు.

వదినా, నీ ఆయాసం గురించి అత్తమ్మకు చెప్పేశాను. చెప్పొద్దన్నావు. ఈ ఇంట్లో ఒకరి మంచి కోసం ఇంకొకరు దాచినవి చాలు. తిట్టుకుంటే తిట్టుకో.

నీ
హారతి


సూరత్
జూలై

బిడ్డా స్వరాజ్యం,

నేను మీ అవ్వను. నేను చెప్తున్న, హారతి రాస్తున్నది. ఒక్క మాట గూడ మార్చొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న.

రుచిత మంచిగున్నది. సూదికి నేనే తీస్కపోతున్న. ఆ సూది శానా నొప్పి, పోరి కుంటుకుంట వస్తది. సూదేసే సిస్టరమ్మను గుజరాతీల ఏమో తిడుతది, సిస్టరమ్మ నవ్వుతది. బడి లేదు, ఎక్కువ ఉరకొద్దన్నరు. ఇంట్ల కూసుండవెట్టుడు మా తాతల తరం గూడ కాదు.

నీ ఉత్తరం ఇన్న నాడు నాకు నీ మీద కోపమొచ్చింది. ఇప్పటికీ పోలేదు. నేను ఏడుస్తనని చెప్పలేదన్నవు. నేను ఏడిస్తె ఏమయితుండె? రెండు దినాలు ఏడుద్దును, మూడో నాడు లేద్దును. గల్లీల ఉన్న ప్రతి పోరగాని అవ్వకు చెప్పుదును. నీ గొంతు ముచ్చట నాకు చెప్పి ఉంటె, రుచిత గొంతు నేను లింగవ్వ చేతుల పెడుదునా? నన్ను కాపాడిన అనుకున్నవు. నన్ను కాపాడవోతె అది పోరి మీద వడ్డది. నేను నిన్ను తిడుతలేను బిడ్డా. తిట్టినా నీకు మంచిగనే అర్థమయితది.

ఇగ సోమవారాలు ఇడిసిపెట్టిన. దేవునికి చెప్పిన, నువ్వు చేసింది ఏం లేదయ్యా, ఉత్తగనే నిన్ను ఇన్నేండ్లు సతాయించిన అని. ఇప్పుడు సోమవారం నాడు గల్లీల తిరుగుతున్న. ఎవ్వలకన్న గొంతు పట్టిందా అని అడుగుతున్న. జరం దాచిపెడితె మంచిగుండదని చెప్తున్న. వెంకటయ్య పెండ్లాం గూడ మొన్న పోరగాన్ని తీస్కొని నా ఎంబడి డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. వానిది ఉత్త జలుబేనట. గోలీ గూడ ఇయ్యలేదు. ఆమె నన్ను తిట్టుకుంటనే నవ్వింది.

నీకు ఆయాసమొస్తున్నదని హారతి చెప్పింది. ఫోన్ల అడిగితె "ఏం లేదవ్వా" అన్నవు. మళ్ళ మొదలువెట్టినవా? అల్లుడు బిక్షపతిని అడిగిన. పానం మంచిగ లేక పొద్దుగూకె దాకా పండుకుంటున్నదని చెప్పిండు. ఏడాది సంది రక్తం చూపియ్యలేదంట గద. కరోనాకు భయపడి పోలేదంట. ఆ భయంతోనే గాదా బిడ్డా మేం రుచితను ఇంట్ల పెట్టుకున్నది?

ఇగ బస్సులు మళ్ళ నడుస్తున్నయి, వచ్చే వారం రాజమౌళి బస్సుకు నేను వస్తున్న. హారతి వద్దన్నది, మహేశ్ వద్దన్నడు. నేను కరోనా సూదులు రెండు ఏస్కున్న, మూతికి గుడ్డ కట్టుకుంట, నాకేం కాదు. ఊరికి అచ్చి నీ ఇంట్ల కూసుంటనని అనుకోకు. దిగంగనే మనిద్దరం హైదరాబాద్ బస్సు ఎక్కుతం. నీకు తొమ్మిదేండ్లప్పుడు సంకనేస్కొని తీస్కపోవాల్సిన దగ్గరికి ఇప్పుడు తీస్కపోత. నువ్వు బరువైనవు, నేను ముసలిదాన్నయిన, ఎత్తుకోలేను. చెయ్యి పట్టుకుంట.

నీ దవాఖాన కాయిదాలన్నీ సంచిల పెట్టుకొని బస్‌స్టాండుల ఉండు.

మీ అవ్వ
నర్సవ్వ